ట్రాంటర్‌గారికి నైటొచ్చింది

గ్లెనిస్ ప్యూ చెవిలో పడ్డ మాట "నైట్". అందులో తప్పేమీ లేదు, అవతలివాళ్ళు అన్నదీ "నైట్" అనే. చిక్కంతా దాని పక్కనున్న మాటతో వచ్చింది.

స్నెడ్‌లీ ఊరి చివర గడ్డి రన్‌వే పక్కన రేకుల టీ కొట్టు ఆవిడది. సెల్‌ఫోన్లకి నోరు పెగలని ఆ లోయలో, రన్‌వే దగ్గరున్నవాళ్ళకి కబురందాలంటే ఆ కొట్టులో తీగతో పనిచేసే పాత ఫోనే దిక్కు. శనివారం పొద్దున అది మోగేటప్పటికి గ్లెనిస్ ఒక చేత్తో పెనం మీద బేకన్ తిప్పుతోంది. రెండో చేత్తో ఫోనెత్తింది. మాట్లాడుతున్నది రోజలిండ్ హెబ్డెన్. ఇళ్ళలో సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళకి ఒక సంఘం ఉంది, ఆ సంఘంలో ఇంజినీరు.

"డెస్మండ్ ట్రాంటర్ ఉన్నారా? రాలేదా ఇంకా? అయితే ఒక్క ముక్క చెప్పండి. ఆయనకి నైట్ ఫ్లయింగ్ ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఇన్‌స్ట్రుమెంట్ కూడా. గురువారం లండన్ నుంచి కెటిల్ అనే ఆయన వచ్చి స్వయంగా చూస్తారు. ఆయన సరేనంటే ఖాయమే. అప్పటిదాకా ఎక్కడా పొక్కనివ్వద్దు."

సరిగ్గా "ఫ్లయింగ్" దగ్గర బేకన్ చుయ్యిమంది. ఫ్రయింగ్‌లో పడి ఫ్లయింగ్ వేగిపోయింది. గ్లెనిస్‌కి దక్కినవి నైట్, ఇన్‌స్ట్రుమెంట్, లండన్, పైవాళ్ళు, ఇంకా ఒక రహస్యం.

ఇంగ్లీషులో నైటులు రెండు. ఒక నైటు ప్రతి సాయంత్రం పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ వస్తుంది. రెండో నైటు ఏ కొందరికో వస్తుంది. రాజమందిరానికి పిలిచి, మోకాలి మీద కూర్చోబెట్టి, భుజానికి కత్తి తాకించి, ఇవాళ్టి నుంచి నువ్వు "సర్"వి, నీ భార్య "లేడీ" అంటారు. రాసేటప్పుడు ఈ రెండోదాని ముందు "కె" అనే అక్షరం ఒకటి నిలబడుతుంది కానీ, అది మందిరం గుమ్మం ముందు కాపలా సిపాయి లాంటిది. నిలబడటమే తప్ప నోరు విప్పదు. అందుకని చెవికి రెండు నైటులూ ఒకటే. పైగా ఆ బిరుదుల సంగతి ప్రకటించేదాకా గుట్టుగా ఉంచాలని ఆ దేశంలో అందరికీ తెలుసు. "పొక్కనివ్వద్దు" అన్న మాటతో గ్లెనిస్‌కి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది.

డెస్మండ్ ట్రాంటర్ కాసేపటికి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. పక్క టౌను స్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. నేర్పిన వడ్రంగాన్ని తనే మళ్ళీ చేసుకుని, ఇంట్లో విమానం కట్టాడు. కడుతున్నన్నాళ్ళూ ముందు గదిలో ఎడమ రెక్క, పడగ్గదిలో కుడి రెక్క, మధ్యలో ఎటు తిరగాలో తెలియక భార్య బెరిల్. ఇప్పుడా విమానం పసుప్పచ్చగా, ముద్దుగా, షెడ్డులో ఉంది. రెక్కలు కట్టడం సులువే అంటాడు డెస్మండ్, లెక్కలు తేల్చడమే కష్టం. ఎందుకంటే నిబంధన ఒకటుంది. ఫ్యాక్టరీలో పుట్టిన విమానం ముక్కు చీదుకుంటూనైనా రాత్రిపూట ఎగరొచ్చు, మబ్బులో దూరొచ్చు. ఇంట్లో పుట్టినది మాత్రం లోపల ఎన్ని పరికరాలున్నా, మబ్బుకి మైల పడకుండా, పొద్దు గూకేలోపు కోడిపెట్టలా గూటికి చేరాలి. నవంబరులో స్నెడ్‌లీ పగలేమో సాయంత్రం టీకి కూడా ఆగదు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ఉన్న వదినగారింటికి వెళ్తే, కోటు విప్పకుండానే మళ్ళీ కోటు వేసుకుని బయల్దేరాలి.

ఆ నిబంధన మార్చమని ఏడేళ్ళుగా తిరిగాడు డెస్మండ్. చివరికి సంఘం వాళ్ళు ఆయన విమానాన్నే మొదటి పరీక్షకి నిలబెట్టారు. అది నెగ్గితే దేశంలో ఇంట్లో కట్టిన విమానాలన్నిటికీ తలుపు తెరుచుకుంటుంది. ఓడితే ఆ తలుపు మళ్ళీ తట్టడానికి ఆయన వయసు ఒప్పుకోదు. అందుకని అనుమతి వస్తుందా రాదా అన్న బెంగతో ఆయన మతి ఎప్పుడో పోయింది.

"కూర్చో డెస్," అంది గ్లెనిస్. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "లండన్ నుంచి కబురొచ్చింది. నీకు నైట్ ఇస్తున్నారట."

డెస్మండ్ కుర్చీ కోసం తడుముకున్నాడు. "నిజంగానా?"

"ఇన్‌స్ట్రుమెంట్ కూడానట. కెటిల్ అనే ఆయన గురువారం వచ్చి చూస్తాడట. ఆయన సరేనంటే ఖాయమే. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఏడేళ్ళు గ్లెనిస్. ఏడేళ్ళు కాళ్ళా వేళ్ళా పడ్డాను."

గ్లెనిస్ కాస్త నొచ్చుకుంది. "అదేంటి, అడిగి తెచ్చుకుంటారా దాన్ని?"

"అడక్కపోతే ఎవరిస్తారు? మొదట్లో నవ్వారు. నీబోటివాళ్ళకి నైటేంటయ్యా అన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళకైతే ఇస్తాం, నీకెలా ఇస్తాం అన్నారు."

"ఆ, ఇస్తారు, ఫ్యాక్టరీ వాళ్ళకి పళ్ళెంలో పెట్టి మరీ ఇస్తారు," అంది గ్లెనిస్ కోపంగా. "మరి బెరిల్‌కి?"

"బెరిల్‌కి విడిగా ఎందుకు? నా పక్కనే కూర్చుంటుందిగా. నాకొస్తే తనకీ వచ్చినట్టే."

"అంతేలే, లేడీ కదా మరి."

"లేడీ అయితేనేం, మ్యాపు చూడ్డంలో నాకంటే నయం."

గ్లెనిస్ ఆ మాటకి అర్థం వెతకలేదు. "నీ మోకాళ్ళ సంగతే నా దిగులు. వంగి కూర్చోవాలి కదా."

"ఇన్నాళ్ళూ చేసింది అదేగా. ఆ పరికరాల కింద వైర్లన్నీ మోకాళ్ళ మీద కూర్చునే కలిపాను."

"భుజానికి దెబ్బ తగలదు కదా డెస్?"

"పట్టీ గట్టిగా బిగించుకుంటే ఏం కాదు," అన్నాడు డెస్మండ్, ఆవిడ ఇంత పట్టించుకున్నందుకు లోలోపల కరిగిపోతూ.

గాలి కబురుకి అనుమతి అక్కర్లేదు. అది రాత్రీ పగలూ, మబ్బున్నా మంచున్నా ఎగురుతుంది. ఎవరికీ చెప్పొద్దన్నారని గ్లెనిస్ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. ఆ వారమంతా డెస్మండ్‌కి ఊరు కొత్తగా కనిపించింది. మాంసం కొట్టువాడు సాసేజీలు తూచి, పైన ఇంకో రెండు వేసి, "లేడీ బెరిల్‌కి నా నమస్కారాలు" అన్నాడు. పబ్బులో జనం జరిగి మంట పక్క కుర్చీ ఖాళీ చేశారు. నిరుడు ఇదే జనం, నీ విమానం మోతకి మా గొర్రెలు బెదురుతున్నాయని పంచాయతీ పెట్టారు.

"నైట్ ఫ్లయింగ్ అంటే ఊరికి ఇంత ఇష్టమని అనుకోలేదు బెరిల్," అన్నాడు ఇంటికొచ్చి.

"ఇష్టమో ఏమో కానీ, చర్చిలో నాకు ముందు వరసలో చోటిచ్చారు," అంది బెరిల్. "ఫాదరుగారు తలుపు తీసి పట్టుకున్నారు. నాకేదో జబ్బు అనుకుంటున్నారేమో కనుక్కో."

బుధవారం రోజలిండ్ హెబ్డెన్ ఇంటికే ఫోన్ చేసింది. "రేపు మాత్రం గంభీరంగా ఉండాలి డెస్మండ్. మనమంతా చెక్కబొమ్మలకి రెక్కలు తగిలించి ఆడుకునేవాళ్ళమని కెటిల్‌గారి ఉద్దేశం. ఒక్క పిచ్చి వేషం కంటబడితే చాలు, సంచీ మూసి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు."

"పిచ్చి వేషాలా? స్నెడ్‌లీలోనా? ఇక్కడ ఆవులు కూడా నిదానంగా నెమరేస్తాయి తల్లీ," అన్నాడు డెస్మండ్.

గురువారం మధ్యాహ్నం ఆయన ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్ళేసరికి షెడ్డుకీ టీ కొట్టుకీ మధ్య రంగురంగుల జెండాల తోరణాలు వేలాడుతున్నాయి. చర్చి నడవలో పరిచే ఎర్ర తివాచీ గడ్డి మీద పరిచి ఉంది. దాని కొసన ఊరి పారిష్ కౌన్సిల్ అధ్యక్షుడు నార్మన్ బ్లాకెట్ నిలబడి ఉన్నాడు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, పెళ్ళికి వేసుకునే సూటులో ఉన్నాడు. నడుముకి వాళ్ళ ముత్తాత కాలం నాటి కత్తి.

"ఏంటిది నార్మన్?"

నార్మన్ కన్నుగీటాడు. "నీకేం తెలియనట్టే ఉండు. అదే మర్యాద."

"తెలియనట్టు ఉండటమేంటి, నాకు నిజంగానే తెలియదు."

"భలే చేస్తున్నావయ్యా. అలాగే ఉండు."

ఊళ్ళో సగం మంది కంచె దగ్గర చేరారు. తోరణాలు విప్పుదామని డెస్మండ్ నిచ్చెన కోసం పరిగెత్తాడు. నిచ్చెనతో తిరిగొచ్చేసరికి బూడిదరంగు కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఆయన పొడుగ్గా, సన్నగా, నలిగిన రెయిన్‌కోటులో ఉన్నాడు. పేరు టీ నీళ్ళు కాచే కెటిలే గానీ మనిషిలో ఆవిరి లేదు. మొహం ఎప్పుడో చల్లారిపోయింది. ఆయన తోరణాల్ని చూశాడు, తివాచీని చూశాడు, కత్తిని చూశాడు, నిచ్చెన మోస్తున్న డెస్మండ్‌ని చూశాడు.

"ఇవాళ ఇక్కడ పెళ్ళేమైనా ఉందా?"

"అంతకంటే ఎక్కువే సర్," అంటూ నార్మన్ ముందుకొచ్చి సగానికి వంగాడు. "ఇన్‌స్ట్రుమెంట్లన్నీ సిద్ధం. పొద్దున్నే ఒక్కొక్కటీ ఊది చూశాం."

కెటిల్ ఆగిపోయాడు. విమానంలో వేగం చూపే ముల్లుకి రెక్క కింద గొట్టం ఉంటుంది. అందులో నోరు పెట్టి ఊదడమంటే గడియారాన్ని సుత్తితో సరిచేసినట్టే. "ఊదారా? నోటితోనా?"

"మరి దేంతో ఊదుతాం సర్? ఒకదాంట్లో ఉమ్మి చేరితే తిరగేసి దులిపాం."

"లేదండీ, ఆయన నా విమానం మీద చెయ్యి కూడా వెయ్యలేదు," అన్నాడు డెస్మండ్ నిచ్చెన పారేసి. షెడ్డు వెనక ఊరి బ్యాండు మేళం నక్కి కూర్చుందని ఆయనకేం తెలుసు.

కెటిల్ సంచీలోంచి కాగితాలు తీసి కంచె దగ్గరికి నడిచాడు. రాత్రి విమానాలంటే చుట్టుపక్కల జనాన్ని ఒక మాట అడగడం ఆయన పనిలో భాగం. "ఈ నైట్ విషయంలో మీకెవరికైనా అభ్యంతరం ఉందా?"

"అభ్యంతరమా?" అంది గ్లెనిస్. "ఈ ఊరికి ఇంతకంటే గొప్ప ఏముందండీ."

"చప్పుడవుతుంది."

"అవ్వాలి. ఎంత చప్పుడైతే మాకంత ఆనందం."

కెటిల్ కలం ఒక్క క్షణం ఆగింది. రాత్రిపూట మోత కావాలని అడిగిన ఊరు ఆయన ఉద్యోగ జీవితంలో లేదు. "మనిషి ఎలాంటివాడు? ఎత్తుకి వెళ్తే తల తిరగడం లాంటివి?"

"ఎంత ఎత్తుకెళ్ళినా తల తిరిగే మనిషి కాదండీ," అంది గ్లెనిస్ గుండె మీద చెయ్యేసుకుని. "నేల మీద నడిచే మనిషి."

"నేల మీద నడిచేవాడికి నైటెందుకు మరి?" అని గొణిగి ఏదో రాసుకున్నాడు కెటిల్. అప్పుడు గ్లెనిస్ కంచె పక్కన వేసిన బల్ల కింద నుంచి వెదురుబుట్ట తీసింది. అందులో పంది మాంసం కూరిన పై రొట్టె, జామ్ సీసాలు, ఊరి చీజు.

"ఇది మీకు కాదండీ, మీ పైవాళ్ళకి. మా తరఫున అందజేయండి."

కెటిల్ మొహంలో ఇంకా ఏమైనా చల్లారడానికి మిగిలి ఉంటే అదీ చల్లారింది. బుట్టని వేలితో వెనక్కి నెట్టాడు. "ట్రాంటర్‌గారూ, ఇలా రండి. నేను ఈ ఉద్యోగంలో ఒక్క బిస్కెట్టు ముట్టుకోలేదు. పరీక్షకి వచ్చిన అధికారికి తివాచీ పరిచి, తినుబండారాలు పెట్టి, ఊరి జనం చేత పొగిడించుకుంటే దాన్నేమంటారో మీకు తెలుసు. ఇలాంటిది ఇంకొక్కటి జరిగితే నేను కారెక్కుతాను. మీరు పగలే ఎగురుతూ ఉందురుగాని, జీవితాంతం."

డెస్మండ్‌కి సన్మానం ఎందుకో తెలియదు, అనుమానం ఎలా తీర్చాలో తెలియదు. విమానం దాకా వచ్చాక ఈ అవమానమేంటో అసలే తెలియదు. "ఒట్టు సర్, వీళ్ళకి ఏమైందో నాకు తెలియదు. వారం నుంచి ఇలాగే ఉన్నారు."

"విమానం ఎక్కండి," అన్నాడు కెటిల్.

పొద్దు కొండల వెనక్కి జారుతుండగా గాల్లోకి లేచారు. రన్‌వేకి అటూ ఇటూ పెట్టాల్సిన బ్యాటరీ దీపాలు బెరిల్ చూసుకుంటుంది. ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు. వేల్స్ వైపు నుంచి వస్తున్న మబ్బులోకి ముక్కు దూర్చగానే కిటికీలన్నీ తెల్లటి దూదైపోయాయి. ఆ దూదిలో మనిషికి పైనా కిందా తెలియదు. చెవి లోపలి గుణమో ఏమో, తిన్నగా వెళ్తున్నా పక్కకి ఒరిగినట్టుంటుంది, ఒరుగుతున్నా తిన్నగా ఉన్నట్టుంటుంది. కళ్ళనీ చెవుల్నీ పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న ముళ్ళనీ తెర మీది గీతల్నీ నమ్మడమే విద్య. కెటిల్ ఎడమకి తిప్పమన్నాడు, తిప్పాడు. పైకెళ్ళమన్నాడు, వెళ్ళాడు. మధ్యలో ఒక తెర ఆర్పేసి ఇప్పుడేం చేస్తావన్నాడు. డెస్మండ్ పక్క తెర చూసుకుని నడిపాడు. కెటిల్ డెస్మండ్‌కి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"సరే, దిగుదాం," అన్నాడు చివరికి.

మబ్బు కింద నుంచి బయటికొచ్చేసరికి నేలంతా నల్లటి సిరా. తెర మీద రన్‌వేకి వెళ్ళే గీత ముక్కుకి సూటిగా ఉంది. ఎదురుగా దీపాలు కనిపించాయి. డెస్మండ్ నిట్టూర్చబోయి ఆగాడు. దీపాలు రెండు చోట్ల ఉన్నాయి. ముక్కుకి సూటిగా, బురద నేల మీంచి లేచిన పల్చటి పొగమంచులో, మసకగా కొన్ని. ఎడమ పక్కన బారులు తీరి, బంగారంలా మెరుస్తూ, చక్కగా జంటగా ఇంకొన్ని.

"ఎడమకి," అన్నాడు కెటిల్. "మీరు దారి తప్పారు. రన్‌వే ఎడమ పక్కనుంది."

డెస్మండ్ తెర వైపు చూశాడు. గీత కదల్లేదు. కిటికీలోంచి చూస్తే ఎడమ వరసే అసలైనదిగా ఉంది. ఆయన కళ్ళు కెటిల్ పక్షమే. కెటిల్ నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద ఏడేళ్ళూ ఆధారపడి ఉన్నాయి. ఆ నోరే ఎడమకి అంటోంది. ఈయన్ని కాదంటే నైట్ పోతుంది. కాదనకపోతే ఏది పోతుందో దేవుడికే తెలియాలి.

"ఎడమకి ట్రాంటర్, వినబడలేదా?"

"వినబడింది సర్," అన్నాడు డెస్మండ్. చూపు తెర మీద నుంచి తిప్పలేదు. "కళ్ళు అటు రమ్మంటున్నాయి, ఇన్‌స్ట్రుమెంటు ఇటు పొమ్మంటోంది. నైట్‌లో కళ్ళ మాట వినకూడదనే కదా మీరు పరీక్ష పెట్టేది. మీరు ఫెయిల్ చేస్తే చెయ్యండి. నేను తిన్నగానే వెళ్తాను."

మసక దీపాలు దగ్గరయ్యాయి, విడిపోయాయి, అటొకటి ఇటొకటి పరిగెత్తాయి. చక్రాలు గడ్డిని ముద్దాడినట్టు తాకాయి. విమానం పరుగు తగ్గుతుండగా కెటిల్ ఎడమ కిటికీలోంచి ఆ బంగారు బారు వైపు చూశాడు. ఎర్ర తివాచీకి రెండు పక్కలా జామ్ సీసాల్లో ఊరివాళ్ళు వెలిగించిన కొవ్వొత్తులు. ఆ బారు చివర గ్లెనిస్ టీ కొట్టు, కొట్టులో పొయ్యి, పొయ్యి మీద పెనం.

ఇంజిను ఆగింది. అది ఆగడం ఆలస్యం, షెడ్డు వెనక నుంచి పదకొండు ఇత్తడి వాయిద్యాలు ఒక్కసారి గొంతెత్తాయి. కెటిల్ మెట్టు తప్పి డెస్మండ్ భుజం పట్టుకున్నాడు. దీపాల కాంతిలో నార్మన్ బ్లాకెట్ కవాతు నడకతో వచ్చి, ముత్తాత కత్తిని రెండు చేతులా అడ్డంగా పట్టి కెటిల్‌కి అందించాడు.

"ఇక కానివ్వండి సర్. మావాడు మోకాలి మీద కూర్చుంటాడు. కాస్త మెల్లగా తాకించండి, భుజం నొప్పుందట."

బ్యాండు ఎవరో ఆపమన్నట్టు ఆగింది. కెటిల్ కత్తిని చూశాడు. "ఏం కానివ్వాలి?"

"నైట్ ఇవ్వరా మరి?"

"ఇవ్వాలనే అనుకుంటున్నాను," అన్నాడు కెటిల్ నిదానంగా. "దానికి కత్తెందుకు?"

డెస్మండ్ ఒకసారి కెటిల్‌ని, ఒకసారి కత్తిని, ఒకసారి తివాచీని చూశాడు. మాంసం కొట్టూ పబ్బూ కళ్ళ ముందు తిరిగాయి కానీ ముడి విడలేదు. విప్పింది బెరిల్. దీపాల దగ్గర నుంచి బూట్ల నిండా బురదతో వస్తూ కత్తి చూసి ఆగిపోయింది. ఆవిడ భుజాలు అదరడం మొదలుపెట్టాయి.

"గ్లెనిస్, తల్లీ," అంది నవ్వు మింగుకుంటూ, "ఆ రోజు ఫోన్లో వాళ్ళేమన్నారో అన్నది అన్నట్టు చెప్పు."

"డెస్‌కి నైట్ ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారన్నారు."

"నైట్ తర్వాత ఏమన్నారు?"

గ్లెనిస్ ఆలోచించింది. "నైట్ తర్వాత బేకన్."

"బేకనా?"

"బేకన్ చుయ్యిమంది. దాని కింద ఏదో మాట ఉండే ఉంటుంది, నాకు వినబడలేదు."

"ఫ్లయింగ్," అన్నాడు డెస్మండ్. "దాని కింద ఉన్న మాట ఫ్లయింగ్, గ్లెనిస్. నైట్ ఫ్లయింగ్. చీకట్లో ఎగరడం. ఓరి నాయనో, నీకు ఇన్నాళ్ళూ నేను చెప్పిందేంటి?"

"ఏడేళ్ళు కాళ్ళా వేళ్ళా పడ్డానన్నావుగా. బిరుదు కోసం ఇంత దిగజారావేంటా అని నేను రాత్రంతా బాధపడ్డాను."

"మరి ఇన్‌స్ట్రుమెంట్?" అన్నాడు నార్మన్. కత్తి ఇంకా అడ్డంగానే పట్టుకుని ఉన్నాడు. "ఇన్‌స్ట్రుమెంట్ కూడా అన్నారని బ్యాండు వాళ్ళని వారం నుంచి చలిలో కూర్చోబెట్టి సాధన చేయించానే."

"ముళ్ళూ తెరలూ చూసుకుని మబ్బులో నడపడం సర్," అన్నాడు కెటిల్. అంటూనే ఆయనకి ఇంకేదో వెలిగింది. "అయితే మీరు ఊది చూసింది..."

"బాకాలు."

"ఆ బుట్ట?"

"రాజమందిరానికి," అంది గ్లెనిస్ చిన్న గొంతుతో. "మీరు అక్కడినుంచే వచ్చారనుకున్నాం."

కెటిల్ బుట్ట వైపు చూశాడు. తర్వాత ఆయన లోపలెక్కడో నీళ్ళు కాగడం మొదలైనట్టు చిన్న చప్పుడొకటి వచ్చింది. అది నవ్వని తెలియడానికి డెస్మండ్‌కి కాస్త సమయం పట్టింది.

"నేను తివాచీ మీద దిగమన్నాను ట్రాంటర్," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నా మాట విని ఉంటే ఇద్దరం ఈవిడ పెనంలో పడేవాళ్ళం. మీరు మీ కళ్ళ మాటా వినలేదు, నా మాటా వినలేదు. పరీక్ష పెట్టేవాణ్ణి కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ పరీక్ష రాశాను. మీ విమానానికి నైట్ ఇస్తున్నాను. ఇన్‌స్ట్రుమెంట్ కూడా. మీ వెనక వచ్చేవాళ్ళకి ఇవ్వకూడదనడానికి నాకు కారణం కనబడటం లేదని రేపు పైవాళ్ళకి చెప్తాను. ఆ జామ్ సీసాలు మాత్రం ఇంకెప్పుడూ రన్‌వే పక్కన వెలిగించొద్దు."

డెస్మండ్ నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. భక్తితో కాదు, కాళ్ళు నిలవక.

అది చూసి కంచె దగ్గర జనం ఈలలు వేశారు. అంత దూరానికి మాటలు అందలేదు కదా. వాళ్ళ కంటికి డెస్మండ్ మోకాళ్ళ మీద ఉన్నాడు, ఎదురుగా కత్తి ఉంది, లండన్ ఆయన నవ్వుతున్నాడు. "సర్ డెస్మండ్‌కి జై" అని ఎవరో అరిచారు. మాంసం కొట్టువాడు టోపీ పైకెగరేశాడు.

"చెప్పవయ్యా వాళ్ళకి," అంది బెరిల్ నార్మన్‌తో. "రేపటి నుంచి నాకు మళ్ళీ వెనక వరసే అని కూడా చెప్పు."

నార్మన్ కత్తిని ఒరలో పెట్టి, బ్యాండు వాళ్ళ మైకు తీసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"స్నెడ్‌లీ ప్రజలకి మనవి. చిన్న పొరపాటు జరిగింది. మనమనుకున్న నైటు వేరు, వచ్చిన నైటు వేరు. మనమనుకున్నది కత్తితో ఇచ్చే నైటు. వచ్చింది దీపాలు పెట్టుకునే నైటు. ఫోన్లో నైట్ ఫ్లయింగ్ అని చెప్తే, బేకన్ వేగే చప్పుడులో ఫ్లయింగ్ పోయి నైట్ మిగిలింది. అలాగే ఇన్‌స్ట్రుమెంటు అంటే మన బ్యాండు కాదట, విమానంలోని పరికరాలట. ఈ పెద్దమనిషి రాజమందిరం నుంచి రాలేదు, విమానాల ఆఫీసు నుంచి వచ్చారు. కాబట్టి మన డెస్మండ్ ఇకమీదట కూడా ఉత్త మిస్టరే, బెరిల్ ఉత్త మిసెసే. సూటిగా చెప్పాలంటే, ఏడేళ్ళ పోరాటం తర్వాత ప్రభుత్వంవారు ఆయనకి చీకటి మంజూరు చేశారు."

మాంసం కొట్టువాడు కిందపడ్డ టోపీ ఏరుకున్నాడు. వెనక నుంచి, బ్యాండులో ట్యూబా అనే పెద్ద బాకా ఊదే ముసలి అల్బాన్ గొంతు వినిపించింది.

"చీకటికి ఏడేళ్ళు పట్టిందా? మా వీధికి అడక్కుండానే ఇచ్చారే."